అవతలిపేట వంతెనకి రాసిన కాగితాలు

ముప్పై ఏళ్ళకి పైగా ఇంజనీరు ఉద్యోగం చేశానంటే, వంతెనలూ రోడ్లూ కట్టి ఉంటాననుకుంటారు జనం. నేను ఎక్కువగా కట్టినవి ఫైళ్ళు. పలాసలో కొన్నాళ్ళు, టెక్కలిలో కొన్నాళ్ళు, మళ్ళీ పలాసలో. ఏ ఊరికైనా రోడ్డో, కల్వర్టో, తుపాను షెల్టరో కావాలంటే, దానికి కేంద్రం నిధులు ఇవ్వమని అడుగుతూ ప్రతిపాదన తయారుచేయడం నా పని. మా ఆఫీసు భాషలో ‘ప్రపోజల్’. తయారుచేయడం, పంపడం, ఎదురుచూడటం, వెనక్కి వస్తే మళ్ళీ రాయడం. నా ఉద్యోగమంతా ఈ నాలుగు మాటల్లోకి వచ్చేస్తుంది.

మొన్న కొత్తగా చేరిన ఇద్దరు అసిస్టెంట్ ఇంజనీర్లు కాశీబుగ్గలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. “మేడమ్, ప్రపోజల్ ఎలా రాయాలో చెప్పండి” అన్నారు. ఫార్మాటు కంప్యూటర్లోనే ఉంటుంది, అది నేను నేర్పక్కర్లేదు. మిగతాది నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. టీ ఇచ్చి పంపేశాను. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఉత్సాహపరిచే మాటలు ఎక్కువ లేవు. నేను బాగా అలసిపోయి రిటైరయ్యాను. అది దాచి రాస్తే మీకు ఉపయోగం ఉండదు.

కష్టం కాదు, కొలత

ఉద్యోగంలో చేరిన కొత్తలో టెక్కలిలో నా మొదటి పై అధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు నరసింగరావు గారు. పొట్టి మనిషి, మాట కరుకు. నేను రాసిన మొదటి ప్రతిపాదన భావనపాడు వైపు ఒక రోడ్డు కోసం. చేపల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు మోకాలి లోతు బురదలో ఎలా నడుస్తున్నారో రెండు పేజీలు రాశాను. రాస్తున్నప్పుడు నాకే కళ్ళు తడిశాయి. మా అమ్మ కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టి నన్ను చదివించింది. ఆ జిడ్డు ఆమె వేళ్ళని ఎప్పటికీ నల్లగానే ఉంచింది. కష్టం అంటే ఏమిటో నాకు తెలుసనీ, దాన్ని నేనే బాగా రాయగలననీ అనుకున్నాను.

ఆయన ఎర్ర పెన్ను తీసి రెండు పేజీలూ అడ్డంగా కొట్టేశారు.

“బురద ఎంత లోతు?”

“మోకాలి దాకా సార్.”

“ఎవరి మోకాలు? నీదా, నాదా?” అంతలో ఆయనే మెత్తబడ్డారు. “అమ్మా, ఢిల్లీలో ఈ కాగితం చూసేవాడి బల్లమీద దేశం మొత్తం కష్టం పడి ఉంటుంది. మన కష్టం వాడికి కొత్త కాదు. కష్టం రాయకు, కొలత రాయి. ఎన్ని నెలలు బురద, ఎంత లోతు, ఎంత దూరం చుట్టూ తిరగాలి, అది రాయి. ఏడవాలనుకుంటే వాడే ఏడుస్తాడు.”

ఆ మాటతోనే ఉద్యోగమంతా నెట్టుకొచ్చాను. అది సగం నిజమే అని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. కొలత కూడా ఎవరిని అడిగి రాస్తున్నామన్నది మిగతా సగం. అది ఆయన చెప్పలేదు. బహుశా ఆయనకీ ఎవరూ చెప్పి ఉండరు.

అవతలిపేట

మా వైపు వాగుని గెడ్డ అంటాం. ఉద్దానం తీరంలో ఒక గెడ్డకి అవతల, సముద్రానికి ఇవతల, కొబ్బరితోటల మధ్య ఒక చిన్న పేట ఉంది. రికార్డుల్లో దానికి వేరే పేరుంది. జనం అవతలిపేట అంటారు. కొబ్బరి, కొంచెం జీడి, కొంచెం చేపల వేట. వేసవిలో గెడ్డ దాటడానికి చెప్పులు చేత్తో పట్టుకుంటే చాలు. వానలు మొదలయ్యాక పడవ కావాలి. గెడ్డ పోటెక్కితే పడవా వేయరు. తీరం వెంట ఇసుకలో చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఆ ఇసుకలో ఆటో దిగబడిపోతుంది.

ఆ పేటలో ఢిల్లేశ్వరరావు అనే కొబ్బరి రైతు ఉండేవాడు. మా జిల్లాలో ఆ పేరు కొత్త కాదు, ఊరికి ఇద్దరు ముగ్గురుంటారు. అతని రెండు కిడ్నీలూ పోయాయి. ఉద్దానంలో అదీ కొత్త కాదు. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. వెళ్ళకపోతే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. ఆ రెండుసార్లూ గెడ్డ దాటాలి.

వంతెన కోసం కొలతలు తీయడానికి మొదటిసారి వెళ్ళినప్పుడు అతనే ఎదురొచ్చాడు. మొహం ఉబ్బి ఉంది, నవ్వు మాత్రం చక్కగా ఉంది. భార్య తులసమ్మ చేత బొండాం కొట్టించి నాకిచ్చాడు. తనకి వద్దా అన్నాను.

“నాకు కొబ్బరినీలు తాగరాదన్నారమ్మా డాట్రు. ఇన్ని సెట్లున్నాయి, ఒక్క బొండానికి నోసుకోనేదు” అని నవ్వాడు. “ఈ వంతెనకి డబ్బు ఢిల్లీవోలు ఇత్తారా?”

“వాళ్ళే ఇవ్వాలి.”

“అయితే కాయితాలెందుకు? నన్నే పంపీండి. నా పేర్లోనే ఉన్నాది ఢిల్లీ.”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రానికి కొలతలు తీసుకుని వచ్చేశాను. గెడ్డ ఎండి ఉన్న నెల అది. అది కూడా ఒక తప్పే, కానీ అసలు తప్పు అంతకన్నా చిన్నది.

ఒక్క మాట

ఆ ఏడాది పై ఆఫీసు నుంచి హఠాత్తుగా కబురొచ్చింది. కేంద్ర పథకం గడువు దగ్గరపడింది, వంతెనల ప్రతిపాదనలన్నీ రెండు రోజుల్లో పంపాలి. అప్పుడున్న మా బాసు చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. “కొత్తగా రాయకండి మేడమ్, పాతది కాపీ చేసి పేర్లు మార్చేయండి” అన్నాడు. అందరూ చేసేదే. నేనూ చేశాను. అంతకుముందు సుమ్మాదేవి వైపు ఒక ఊరి వంతెనకి రాసిన ప్రతిపాదన కంప్యూటర్లో ఉంది. దాన్నే తెరిచి ఊరి పేరు మార్చాను, జనాభా మార్చాను, కొలతలు మార్చాను.

అందులో ఒక గడి ఉంటుంది: అన్ని కాలాల్లోనూ నడిచే వేరే దారి ఉందా, లేదా? సుమ్మాదేవి వైపు ఊరికి ఉంది. అవతలిపేటకి లేదు. ఆ గడిలో ‘ఉంది’ అనే మాట అలాగే ఉండిపోయింది. నేను చూడలేదు. నా తరవాత సంతకాలు పెట్టిన వాళ్ళెవరూ చూడలేదు. ఆ పథకమేమో వేరే దారి లేని ఊళ్ళకే.

కొన్ని నెలలకి జవాబొచ్చింది: అర్హత లేదు. మా ఆఫీసులో అలాంటి జవాబొస్తే ఎవరూ కారణం చూడరు. “ఢిల్లీలో కొట్టేశారు” అంటారు, ఫైలు కట్టేస్తారు. ఆ మాట ఎంత సుఖంగా ఉంటుందో మీకు ఉద్యోగంలో చేరిన నెలకే తెలుస్తుంది. ఢిల్లీ దూరం, అక్కడికెళ్ళి ఎవరూ అడగరు. నాయకులకి తిట్టడానికి ఒక పేరు దొరుకుతుంది, మనకి దాక్కోవడానికి ఒక చోటు దొరుకుతుంది.

నేనూ కట్టేసేదాన్నే. కానీ ఢిల్లేశ్వరరావు ఫోన్ చేశాడు. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు. “అమ్మా, ఏటైంది మన కాయితం?” అన్నాడు. చూసి చెప్తానన్నాను. చూద్దామని ఫైలు విప్పాను. నాలుగో పేజీలో ఆ మాట కనిపించింది.

సుమ్మాదేవి వైపు ఊరి ప్రతిపాదన పక్కన పెట్టి చూస్తే, ఆ మాట అక్కడిదే. తరవాత బాసు గదిలోకి వెళ్ళి కాగితం చూపించాను. ఆయన తలుపు మూసి వచ్చాడు.

“ఇంకెవరికైనా చెప్పారా?”

“లేదు సార్.”

“చెప్పకండి. వచ్చే ఏడాది మళ్ళీ పంపుదాం. మనుషులం, తప్పులు జరుగుతాయి.”

ఆయన నన్ను కాపాడాలనే అన్నాడు. ఇప్పటికీ ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ‘జరుగుతాయి’ అన్న మాట నాకు ఆ రోజు నుంచి పడదు. ఆ తప్పు దానంతట అది జరగలేదు, నేను చేశాను.

ఆదివారం

ఆ వారం చర్చిలో ఆరాధనకి కూర్చున్నాను గాని పాస్టరు గారు ఏం చెప్పారో ఒక్క ముక్క ఎక్కలేదు. అయిపోగానే ఆటో మాట్లాడుకుని గెడ్డ దాకా వెళ్ళి, పడవ దాటి అవతలిపేట చేరాను. అప్పటికి వానలు పడుతున్నాయి.

తులసమ్మ వాకిట్లో పీచు దువ్వుతోంది. ఢిల్లేశ్వరరావు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చిన్న గ్లాసులో నీళ్ళు. రోజంతటికీ ఎన్ని తాగాలో కొలిచి పెట్టుకున్నవి. నన్ను చూసి ఇద్దరూ లేవబోయారు.

“కూర్చోండి. వంతెన రాలేదు” అన్నాను. “ఢిల్లీ వాళ్ళ తప్పు కాదు. నా తప్పు. మీకు వేరే దారి ఉందని కాగితంలో పడిపోయింది. నేనే రాశాను. చూసుకోలేదు.”

ముందు తులసమ్మే అంది.

“ఒక్క మాటకా?”

“ఒక్క మాటకే.”

“ఒక్క మాట సరిగ్గా రాయనేకపోనారా? మొన్న గెడ్డ పొంగినప్పుడు ఈయన్ని మంచమ్మీద ఏసుకుని నలుగురు ఇసకలో మోసుకెల్లినారు. ఊపిరందక కల్లు తేలేసీసినాడు. ఆ మాట రాసినప్పుడు మీకు తెలీదా, ఇక్కడ దారి నేదని? వచ్చినారు గదా, సూసినారు గదా!”

తలవంచుకుని నిలబడ్డాను. ఆమె తిట్టింది తిట్టినట్టు విన్నాను. ఢిల్లేశ్వరరావు చెయ్యెత్తి ఆమెని ఆపాడు.

“ఒగ్గీ తులసీ. ఈ ఊరికి ఎంతమందో ఆపీసర్లు వచ్చినారు. నాదే తప్పని సెప్పడానికి ఎవులూ రానేదు.” నా వైపు తిరిగాడు. “మళ్ళీ రాత్తారా?”

“రాస్తాను.”

“అయితే ఈసారి పంపకముందు మాకు సదివి ఇనిపించండి. ఇంగిలీసులో ఉంటాది గావాల, మీరు తెలుగులో సెప్పండి. మా ఊరి సంగతి మాకు తెలీదేటి? తప్పుంటే మావు సెప్తాం.”

ఇంతకాలం ఉద్యోగంలో నాకు ఎవరూ ఇవ్వని సలహా అది. అంత తేలికైన సంగతి నాకు తట్టనే లేదు. ఎవరి గురించి రాస్తున్నామో వాళ్ళకి చదివి వినిపించి పంపడం. ఆ తరవాత నేను రాసిన ప్రతి కాగితాన్నీ ఊరికి తీసుకెళ్ళి చదివాను. కొందరు తోటివాళ్ళు నవ్వారు. నవ్వనిచ్చాను.

అవతలిపేటలో చదివిన రోజు ఢిల్లేశ్వరరావు నన్ను మూడుచోట్ల ఆపాడు. గెడ్డ వెడల్పు తప్పు, ఎండాకాలం కొలిచారు అన్నాడు. వానల్లో నీరు ఎక్కడిదాకా వస్తుందో కొబ్బరి మానుల మీద మరకలు చూపించాడు. పడవ ఎన్ని రోజులు ఆగిపోతుందని నేను రాసిన అంకె విని తల అడ్డంగా ఊపి, ఇంట్లోంచి గోడ క్యాలెండరు తెప్పించాడు. డయాలసిస్ రోజులన్నిటికీ పక్కన గీత గీసి ఉంది. గెడ్డ దాటలేక వెళ్ళలేకపోయిన రోజుల చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టి ఉంది. వానాకాలం నెలల్లో సున్నాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. నరసింగరావు గారు అడిగిన కొలత ఆ మేకుకి వేలాడుతూనే ఉంది. నేనే అడగలేదు.

ఎండాకాలం వచ్చిన ఆఫీసరు

రెండోసారి పంపిన ప్రతిపాదనకి, చోటు చూడటానికి ఢిల్లీ నుంచి ఒక ఆఫీసరు వస్తాడని కబురొచ్చింది. వచ్చింది మండు వేసవిలో. గెడ్డలో చీలమండ తడిసేంత నీరు కూడా లేదు. ఆయన ప్యాంటు కూడా మడవకుండా నడిచి దాటేశాడు. అవతల గట్టెక్కి నా వైపు చూసి, “దీనికి వంతెనా?” అని ఇంగ్లీషులో అడిగాడు. వెటకారం లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. మా బాసు ఫొటోలు చూపిస్తున్నాడు గానీ, ఫొటోలు అన్ని ఊళ్ళ వాళ్ళూ చూపిస్తారు.

ఢిల్లేశ్వరరావు కర్ర పట్టుకుని వచ్చాడు. చంకలో క్యాలెండరు ఉంది. దాన్ని గట్టు మీద బోర్లించిన పడవ మీద పరిచాడు. ఆఫీసరు వంగి చూసి, ఈ సున్నాలేమిటని అడిగాడు. నేను తెలుగులోకి మార్చి చెప్పాను.

“ఎల్లనేకపోయిన రోజులు బాబూ.”

“వెళ్ళకపోతే ఏమవుతుంది?”

ఢిల్లేశ్వరరావు లుంగీ కొంచెం పైకి లాగి, కాలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీశాడు. అక్కడ గుంట పడింది. ఆ గుంట పూడలేదు. మేమంతా దాన్నే చూస్తూ నిలబడ్డాం.

“ఇదవుద్ది” అన్నాడు.

అది నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. అవసరం రాలేదు. ఆఫీసరు క్యాలెండరులో ఒక్కొక్క నెలకీ ఫొటో తీసుకున్నాడు. మానుల మీద మరకలు కూడా చూపించమని అడిగి చూశాడు. భోజనం ఏర్పాటు చేశామన్నా ఆగలేదు. పోతూ పోతూ, “ఆ క్యాలెండరు మొదటి కాగితంలో ఎందుకు లేదు?” అని నన్ను అడిగాడు. ఎందుకు లేదో చెప్పాను, ‘ఉంది’ అన్న మాటతో సహా. మా బాసు మొహం పాలిపోయింది. ఆఫీసరు అది కూడా రాసుకుని, తిరిగి గెడ్డ దాటి జీపెక్కాడు.

నిధులు మంజూరయ్యాయి.

ఒక వానాకాలం

ఇక్కడితో ఆపితే ఇది మంచి కథ. కానీ మీరు ఈ ఉద్యోగం చేయబోతున్నారు గనక మిగతాది కూడా వినాలి.

మంజూరయ్యాక టెండరు, టెండరు తరవాత పునాదులు. మరుసటి ఏడాది వానలు మొదలయ్యే సరికి గెడ్డలో స్తంభాలు లేచాయి. వాటి మీద దారి ఇంకా పడలేదు. ఢిల్లేశ్వరరావు రోజూ గట్టు మీదికొచ్చి ఆ స్తంభాలు చూసి వెళ్ళేవాడట. ఆ వానాకాలం గెడ్డ రెండుసార్లు పెద్దగా పొంగింది. రెండోసారి గెడ్డలో నీరు తగ్గకుండా ఐదో రోజు దాటింది. మంచం మీద మోసుకెళ్దామని మనుషులు వచ్చారు. ఇసుక దారి సగం దాటకముందే అతను పోయాడు.

నాకు మర్నాడు తెలిసింది. వెళ్ళాను. గెడ్డకి ఇవతలే ఆగిపోయాను. పడవ వేయలేదు.

తరవాత ఎండాకాలానికి వంతెన పూర్తయింది. రిబ్బను కత్తిరించే రోజు పెద్దలొచ్చారు, దండలు వేసుకున్నారు, ఎవరు తెచ్చారన్నదాని మీద రెండు పార్టీల వాళ్ళూ మైకులో పోట్లాడుకున్నారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆ నెలాఖరుకే నా రిటైర్మెంటు.

జనం వెళ్ళిపోయాక తులసమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో పీచు దువ్వుతోంది. నన్ను చూసి చేతిపని ఆపలేదు.

“ఒకటడుగుతాను, సెప్తారా?” అంది.

“అడుగు.”

“ఆ మొదటిసారే మీరు సరిగ్గా రాసుంటే, పోయిన వోనలకి ఈ వంతెన ఉండీదా?”

నా దగ్గర ఎన్నో జవాబులున్నాయి. టెండరు ఆలస్యం కావచ్చు. ఆ ఏడాది ఢిల్లీలో డబ్బు లేకపోవచ్చు. కాంట్రాక్టరు పారిపోవచ్చు. ఇవన్నీ జరుగుతాయి, నేను చూశాను. ఆ కాసేపట్లో అవన్నీ నా నోటిదాకా వచ్చాయి.

“ఉండేది” అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. నా మొహం కేసి చాలాసేపు చూసింది.

“నేదంటారనుకున్నాను” అంది. మళ్ళీ పీచు అందుకుంది.

కూర్చోమనలేదు. నేనూ కూర్చోలేదు. ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు నిలబడి, తిరుగు ఆటో ఎక్కాను. ఆటో వంతెన ఎక్కింది, దిగింది. నిమిషం కూడా పట్టలేదు.